క్లారీ వేలెత్తలేదు

క్లారీ నన్ను చూసి వేలెత్తలేదు. నా గొడవంతా అక్కడే మొదలైంది.

మా మట్టిరోడ్ల మీద బండి ఎదురైతే స్టీరింగు మీద చూపుడువేలు ఒక్కటి పైకి లేపుతాం. అదే మా పలకరింపు. కంచె తగాదాలో కోర్టుకెక్కిన వాళ్లు కూడా ఒకరికొకరు లేపుకుంటారు. క్లారీది మా పక్క పొలం. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ వేలు లేవని రోజు లేదు. అలాంటిది ఆ మధ్యాహ్నం నేను బండిలో ఉత్తరాల డబ్బా దగ్గరికి పోతుంటే ఎదురొచ్చి, నా ముఖంలోకి చూస్తూనే వెళ్లిపోయాడు.

ఒళ్లు మండింది. ఇంటికొచ్చి కెటిల్ పొయ్యి మీద ధనామని పెట్టాను.

"ఎండ కళ్లల్లో పడుంటుందిలే బెరిల్," అన్నాడు మా ఆయన నార్మ్, వాచిన మోకాలు కుర్చీ మీద చాపుకుని.

"ఎండ నా కళ్లల్లో ఉంది. వాడికి వీపున ఉంది. నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు."

కూర్చున్నాను, లేచాను. తుడిచిన బల్లే మళ్లీ తుడిచాను. నేనేం చేశానని? పోయిన వారం కేకు పంపలేదనా? ఈ కరువులో కేకులెక్కడివి? వాన పడి ఏళ్లయింది. మల్గా చెట్ల కొమ్మలు నరికి గొర్రెలకు వేసి వేసి నా చేతులు కాయలు కాశాయి. ఆకాశం వైపు చూడటం కూడా మానేశాను. అయినా కాలు నిలవక కిటికీ దగ్గరికి పోయాను.

మా నీళ్లగుంట చుట్టూ గొర్రెలు మూగి ఉన్నాయి. మావి ఎర్ర చెవిబిళ్లలు. వాటి మధ్య నీలం బిళ్లలు కనిపించాయి.

"నార్మ్, క్లారీ గొర్రెలు మన గుంటలో ఉన్నాయి."

"గేటు తెరిచి పెట్టాడా? క్లారీయా?" నార్మ్ నమ్మలేదు. గేటు వేయకుండా పోయాడని పోలీసాయన్నే వెనక్కి పిలిచి వేయించిన మనిషి క్లారీ.

అప్పుడే వాడి కుక్కలు రెండూ మా వరండా ఎక్కాయి. మెడకు గొలుసుల్లేవు. పని లేని వేళ గొర్రెల కుక్కను విప్పి వదిలేసేవాడు మా వైపు ఎవడూ ఉండడు. పోయిన వేసవిలో అవతలి పొలం ఆల్ఫ్ ఇలాగే కుక్కల్ని విప్పాడు. తన తర్వాత ఏ జీవమూ దాహంతో చావకూడదని గేట్లన్నీ బార్లా తెరిచాడు. తర్వాత మేం అతన్ని పాతిపెట్టాం.

"పో. కెటిల్ నేను దించుతాలే," అన్నాడు నార్మ్.

రోజూ అయితే క్లారీ ఇంటికి చేరేలోపు గేటు గేటుకీ దిగుతూ ఎక్కుతూ విసుగొచ్చేది. ఆ రోజు అన్ని గేట్లూ తెరిచే ఉన్నాయి. ఎక్కడా ఆగక్కర్లేదు.

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. తుపాకీ తలుపుకి ఆనించి ఉంది. ముందు దాన్ని తీసుకెళ్లి నా బండి సీటు వెనక పెట్టి తాళం వేశాను. వాడు అడ్డం రాలేదు.

"చచ్చిపోదామనుకున్నావా క్లారీ?"

కాదనలేదు. "నిన్న ఇంకో గొర్రెను కాల్చాల్సి వచ్చింది బెరిల్. లేవలేక పడి ఉన్నది, నన్ను చూసి లేచింది. మేత తెచ్చాననుకుంది." "ఇంక నా వల్ల కాదు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఓదార్పు మాటలు నాకు చేతకావు. తిట్టడం వచ్చు.

"నీ వల్ల కాకపోతే నా నెత్తిన పడేస్తావా? నీ బక్క గొర్రెలన్నీ నావాటిలో కలిశాయి. నార్మ్‌కి మోకాలు లేవదు. ఒక్కదాన్నే ఎట్లా విడదీయను?"

"నువ్వే ఉంచుకో."

"ఎవడిక్కావాలి? నావాటికే మేత లేదు. రేపు తెల్లారి నీవి నువ్వు ఏరుకో. ఇవాళ మా ఇంట్లో పడుకో. ఎక్కు బండి."

ఎందుకు ఎక్కాడో నాకు తెలియదు. నా నోటికి జడిసే అయ్యుంటుంది. పక్క సీట్లో కూర్చున్నవాడే గేటు పని చూడాలి, అది మా దగ్గర ఎంతటివాడికీ తప్పదు. మొదటి గేటు దాటి ఆపాను. దిగాడు, మూశాడు, వచ్చి కూర్చున్నాడు. తర్వాతి గేటూ అంతే. దిగిన ప్రతిసారీ అద్దంలో వాణ్ణే చూస్తూ కూర్చున్నాను.

చివరి గేటు దగ్గర ఎంతకీ రాలేదు. గేటు పట్టుకుని వాడి ఇంటి వైపే చూస్తూ నిలబడ్డాడు. వాడు వెనక్కి నడిచిపోతే ఆపే బలం నాకు లేదు.

బండి వెనక దబదబ బాదాడు.

"ఇంకాస్త ముందుకు పోనివ్వు మనిషీ, గేటు నీ బండికి తగులుతోంది. ముసలిదానివైనా గేటు దగ్గర ఆపడం రాలేదు నీకు."

ఏడుస్తూనే ముందుకు పోనిచ్చాను. గేటు పడిన చప్పుడు, గొలుసు తగిలించిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత వాడు వచ్చి పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు.