పడవతల్లి దండ

ప్రయూన్ సరంగు బంతిపూల దండ తెచ్చి లిన్ కో చేతిలో పెట్టేసరికి సాన్ టే కడుపులో భగ్గుమంది. థాయిలాండులోని ఆ సొంఖ్లా రేవులో ఏ బోటు వేటకు కదిలినా, ముందు కొన మీద కొలువున్న పడవతల్లికి దండ వేసి రంగుగుడ్డలు కట్టాలి. ఆ పని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. ఇన్నేళ్లుగా ఈ బోటులో అది సాన్ టేది. నిన్నగాక మొన్న వల పట్టుకోవడం నేర్చిన కుర్రకుంక ఇవాళ ఆ కొన ఎక్కబోతున్నాడు.

పోనీ పరాయివాడా అంటే అదీ కాదు. దవే దగ్గర ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకు తమ్ముడు. బర్మాలో పని లేక తిరుగుతున్నవాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సరంగు కాళ్లావేళ్లా పడి కళాసీగా పెట్టించింది సాన్ టేనే. ఏరి కోరి నెత్తికి తెచ్చుకున్నానని ఇప్పుడు తనను తానే తిట్టుకున్నాడు.

"ఏం మందు పెట్టావురా సరంగుకి?" అన్నాడు, వాడు పక్కనుంచి వెళ్తుంటే.

లిన్ కో నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నాకేం తెలుసన్నా. ఎక్కమన్నాడు, ఎక్కుతున్నా."

"ఎక్కు, ఎక్కు. రేపు నా నెత్తి కూడా ఎక్కుదువుగాని."

సరంగు ఆ మాట విన్నాడు. "నువ్వివాళ కింద తనిఖీ వరసలో నిలబడు," అన్నాడు సాన్ టేతో. "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. నీ గొప్ప అందరికీ చూపించనక్కర్లేదు." అది ఇంకో దెబ్బ. సాన్ టే పళ్లు కొరుకుతూ చెయ్యి జేబులో దోపుకున్నాడు.

అసలు పోయిన వేటలోనే అతని కన్ను కుట్టింది. చేప విరగబడిన వేట అది. వల లాగడం, ఏరడం, ఐసులో వెయ్యడం, మళ్లీ వల వదలడం, అంతే. నడుం వాల్చే తీరిక ఎవరికీ లేదు. ఒక్క లిన్ కోకి తప్ప. ఎక్కడ చచ్చాడా అని వెతికితే వాడు సరంగు గదిలో, సరంగు పరుపు మీద, దుప్పటి కప్పుకుని కనిపించాడు. వంటవాడు వాడికి వేడివేడి గంజి మోసుకెళ్తున్నాడు.

"చేతికి టేకు చేప ముల్లు దిగింది పాపం," అన్నాడు వంటవాడు.

టేకు ముల్లు ఎవరికి దిగలేదు? తనకెన్నిసార్లు దిగలేదు? వేడినీళ్లలో ముంచుకుని మళ్లీ వల పట్టుకున్నాడేగాని సరంగు పరుపెక్కాడా, గంజి తాగాడా? ఆ రోజునుంచి సాన్ టే వాడి ముఖం చూడటమే మానేశాడు. చూస్తే ఒళ్లు మండేది. ఓర్వలేనితనం పట్టుకుంటే అంతే, కళ్లెదుట ఉన్న మనిషి కూడా కనపడడు.

తనకు ఆ దండ ఊరికే వచ్చిందా? వల లాగే వించి యంత్రం తాడులో పడి ఎడమచేతి వేళ్లు రెండు పోయాక వచ్చింది. ఆ తర్వాతి వేటకు బయలుదేరేముందు సరంగు దండ తెచ్చి, "తల్లి నిన్ను రుచి చూసిందిరా. ఇక నువ్వామె మనిషివి, ఎక్కు," అన్నాడు. ఆ మాటతో సగం నొప్పి పోయింది. ఆనాటినుంచి రేవులో టీకొట్టు బల్ల మీద ఆ మొండివేళ్లు పరిచి పెట్టి, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పేవాడు. విన్నవాళ్లు చేతులు జోడించేవాళ్లు. టీ డబ్బులు కూడా వాళ్లే ఇచ్చేవాళ్లు.

జెట్టీ మీదికి అధికారులు వచ్చారు. బోటు కదిలేముందు ప్రతి కళాసీనీ వరసలో నిలబెట్టి, ముఖం, కార్డు పోల్చి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి వదులుతారు. వాళ్లకు బర్మా మాట చెప్పడానికి నీలార్ ఉంటుంది. ఆమెదీ దవే పక్కనే. వేటకెళ్లే కూలీకి రోజుకు పది గంటల విశ్రాంతి ఉండాలని, ఒంట్లో బాగాలేనివాణ్ని సముద్రం మీదికి తీసుకెళ్లకూడదని, దెబ్బ తగిలితే యజమానే వైద్యం చేయించాలని దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. అది బర్మా అక్షరాల్లో కూడా జెట్టీ గోడకు అంటించి ఉంది. సరంగుకు అదంటే మహా వేళాకోళం.

"మీరెంతసేపు గురక పెట్టాలో తేల్చడానికి దొరలందరూ కోట్లేసుకుని కూర్చున్నార్రా!" అనేవాడు. కళాసీలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వి, నేర్పిన జవాబు చెప్పేవాళ్లు.

"రోజుకెంతసేపు పడుకుంటున్నావు?" అని నీలార్ సాన్ టేని అడిగింది.

"పది గంటలక్కా."

"నీ కళ్లు చూస్తే పది నిమిషాల్లా ఉందే."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆమె తర్వాతి కార్డు తీసి, "లిన్ కో ఏడీ?" అంది.

సరంగు వంగి నమస్కారం పెట్టి బోటు ముందు కొన చూపించాడు. "తల్లి పనిలో ఉన్నాడమ్మా."

అధికారి కూడా పైకి చూసి చేతులు జోడించాడు. పడవతల్లికి దండ కడుతున్నవాణ్ని మధ్యలో కిందికి పిలవరు. పిలిస్తే ఆ వేటలో జరిగే కీడంతా పిలిచినవాడి తలకే చుట్టుకుంటుందని రేవులో అందరికీ భయం. చదువుకున్న అధికారి కూడా ఆ రేవులో పుట్టినవాడే. కార్డు మీది బొమ్మనూ పైనున్న వీపునూ ఒకసారి చూసి, టిక్కు పెట్టబోయాడు.

సాన్ టేకి ఇక ఆగలేదు. తామంతా ఎండలో దొంగల్లా నిలబడాలి, వాడికి మాత్రం అధికారులు కూడా దండాలు పెట్టాలి!

"అక్కా, ఆ కట్టడం చూడు! అదీ ఒక కట్టడమేనా? ఒంటిచేత్తో కడుతున్నాడు. తల్లికే అవమానం. వాణ్ని దింపమను, నేను కడతా!"

అరిచాక ఆ మాట అతని చెవినే పడింది. ఒంటిచేత్తో. ఇన్నాళ్లకు తలెత్తి తమ్ముణ్ని సరిగా చూశాడు. వాడు కుడిచెయ్యి పొడుగు చొక్కాలో దాచి, గుండెకు అదుముకుని ఉన్నాడు. గుడ్డ కొస పళ్లతో పట్టుకుని ఎడమచేత్తో ముడి వేస్తున్నాడు.

ఆ ముడి సాన్ టేకి తెలుసు. మొదటిసారి తనూ అలాగే కట్టాడు, కట్టు కట్టిన చెయ్యి చొక్కాలో పెట్టుకుని, పళ్లతో. అప్పుడు కింద వరసలో ఉన్నవాళ్లు ఎంత చిన్నగా కనిపించారని! తన పేరు కూడా పిలిచే ఉంటారు. సరంగు వంగి నమస్కారం పెట్టే ఉంటాడు. ఆ తర్వాత ప్రతి వేటకీ తనను పైకే ఎందుకు పంపాడో, ఇవాళ చెయ్యి జేబులో ఎందుకు పెట్టుకోమన్నాడో ఒక్కసారిగా తెలిసొచ్చింది. పాత మొండివేళ్ల కంటే గట్టిగా దాచాల్సింది ఇప్పుడు సరంగుకు ఇంకొకటి దొరికింది.

సరంగు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "అలగకురా," అన్నాడు మెత్తగా. "దండ నీదే, ఎప్పటికీ నీదే. ఎక్కి కట్టు. వాడు దిగి వంటగదిలోకి పోతాడు."

పొద్దున్నించీ ఈ మాట కోసమే కదా ఏడ్చింది! సాన్ టే ఎక్కాడు. లిన్ కో ముఖం పొయ్యిలా కాలుతోంది. చొక్కా చేతినుంచి కుళ్లు వాసన వస్తోంది.

"దండ తీసేసుకో అన్నా," అన్నాడు వాడు. "నాకొద్దు. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

సాన్ టే దండ ముట్టుకోలేదు. వాడి మంచి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని మెల్లగా దింపాడు. వంటగది దాటించాడు.

"ఎటురా?" సరంగు అడ్డం వచ్చాడు.

"నువ్వు నవ్విస్తావే, ఆ దొరల దగ్గరికి."

నీలార్ లిన్ కో చొక్కా చెయ్యి పైకి మడవబోతే అది చర్మానికి అంటుకుపోయి రాలేదు. కత్తిరించాల్సి వచ్చింది. లోపల చెయ్యి మోచేతిదాకా నల్లబడి ఉబ్బిపోయింది. అధికారి ముఖం మాడిపోయింది. బోటు కదలడానికి వీల్లేదన్నాడు. ఆసుపత్రి ఖర్చూ, నయమయ్యేదాకా జీతమూ యజమానివేనని సరంగుకు గట్టిగా చెప్పాడు. వ్యాను వచ్చింది. నీలార్ తడిగుడ్డతో లిన్ కో ముఖం తుడుస్తూ, "భయపడకు తమ్ముడూ, నీ తప్పేం లేదు," అంటోంది.

అది చూసి సాన్ టే కడుపులో మళ్లీ మంట లేచింది. ఈసారి దండ కోసం కాదు. ఆ వ్యాను తన వేళ్ల కోసం రావలసింది. ఆ తడిగుడ్డ తన ముఖానికి తగలవలసింది. నీ తప్పేం లేదని తనకెవరూ చెప్పలేదు. తమ్ముడి చెయ్యి కుళ్లిపోతుంటే వాడి మీద అసూయ! సిగ్గేసింది. సిగ్గేసినా మంట మాత్రం తగ్గలేదు.

"వీడితో ఎవరొస్తారు?" అంది నీలార్.

"నేనొస్తా. వాడి అన్నని."

వ్యానులో తమ్ముడి తల పడిపోకుండా ఎడమచేత్తో పట్టుకున్నాడు. నీలార్ ఆ చెయ్యి చూసింది. "ఇదెప్పటిది?"

తల్లి రుచి చూసిందన్న కథ అలవాటుగా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"వించి లాగేసిందక్కా. నిద్రలేక నిలబడే నిద్రపోయాను," అన్నాడు. తమ్ముడి తల సర్ది పట్టుకుని, "ఆ తర్వాత మీరు వరసలో పేర్లు పిలిచినప్పుడు నేను పైన దండ కడుతున్నాను. నన్నెవరూ కిందికి పిలవలేదు," అన్నాడు.