తొలికాయ వేలం

మా ఆళ్లగడ్డ చర్చిలో కోతల పండుగ నాడు వేలం నడిపేది నేను. గొంతు పెద్దదని ఈ పని నాకు అంటగట్టారు. విశ్వాసులు తెచ్చిన తొలిపంటను, అది జొన్నకంకులైనా నాటుకోడైనా, బల్ల మీద పెట్టి పాట పాడిస్తాను. మా వేలానికి ఒక పద్ధతి ఉంది. పాట గెలిచినవాళ్లు డబ్బు కడతారు గానీ వస్తువు తీసుకుపోరు. "మళ్లీ పెట్టప్పా" అంటారు. అది మళ్లీ బల్లెక్కుతుంది. అలా ఒకే గుమ్మడికాయ ఒక పూటలో ఎన్నో ఇళ్లవాళ్లకు అమ్ముడుపోతుంది. ఆఖరి పాట ఎవరిదో కాయ వాళ్లది.

ఆ ఆఖరి పాట ఏటా పరంజ్యోతిదే. ఆయనకు బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అందరూ అలిసి ఆగిపోయాక, ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని, ఒక్క మాటతో అందరినీ దాటేస్తాడు. చర్చి అంతా మెడలు చాచి ఆయన్ని చూస్తుంది. ఆయనకు కావలసింది కాయ కాదు, ఆ చూపులే. ఈ సంగతి నేనన్నానని బయట అనకండి.

ఆ కాయ పెంచేది కమలాక్షమ్మ. హాస్టల్లో వంట చేస్తుంది. రేకుల ఇంటి మీదికి పాకించిన తీగకు తొలి కాయ కాయగానే దానికి సున్నంతో బొట్టు పెట్టి, ఇది దేవుడిది అంటుంది. పండుగ నాడు తెచ్చి బల్ల మీద పెట్టి, వెనకాల చాప మీద కూర్చుంటుంది. వేలంలో ఆమె నోరు తెరవగా నేనెప్పుడూ వినలేదు. చాప మీద కూర్చునేవాళ్లెవరూ తెరవరు. చూస్తారు, అంతే.

ఈసారి వేలం ఆమె కూతురు దెబోరా కోసం. నంద్యాల నుంచి యువజనులు యెరూషలేము యాత్రకు పోతున్నారు. ఒక్కో సంఘం ఒకరిని పంపాలి, ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. మేం దెబోరాను ఎన్నుకున్నాం. ఆదివారం బడి పిల్లలకు బేత్లెహేము దారుల్ని సుద్దముక్కతో గీసి చూపించే పిల్ల. చూడని ఊరిని అంత నమ్మకంగా ఎట్లా గీస్తుందో నాకు అర్థం కాదు. యువజనులు బస్టాండు దగ్గర మజ్జిగ అమ్మారు, ఇల్లిల్లూ తిరిగి పాత పేపర్లు పోగేసి అమ్మారు. ఇంకా చాలా తక్కువ పడింది. సోమవారానికి నంద్యాలలో కట్టకపోతే దెబోరా చోటు అక్కడ కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది. మా ఆశంతా గుమ్మడికాయ మీదే.

వేలం మొదలైంది. రెండోసారి కాయ బల్లెక్కగానే తలుపు దగ్గర నుంచి కొత్త గొంతు వినిపించింది. చూస్తే శేషయ్య. ఊళ్లో పాతకాలపు రైతు కుటుంబం వాళ్లది. ఆయన మనవరాలు కావ్యకు దెబోరా ట్యూషన్ చెబుతుంది. టీచరు యాత్రకు సాయం చెయ్యాలని ఆ పిల్ల తాతను లాక్కొచ్చింది. ఆయన నోటి నుంచి వచ్చిన అంకెకు నాకే దగ్గు వచ్చింది. ఇంకెవరూ పెంచలేదు. పరంజ్యోతి ఎప్పటిలాగే ఆఖరి పాట కోసం ఆగాడు. మూడుసార్లు అరిచి పాట కొట్టేశాను.

శేషయ్య ఫోన్లో డబ్బు పంపాడు. కాయను భుజానికెత్తుకుని అందరికీ దండం పెట్టి, మోటారు సైకిల్ మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

డబ్బు పెట్టి కొన్నాక ఎవరైనా చేసే పనే అది. కానీ మా నోళ్లు అట్లాగే తెరుచుకుని ఉండిపోయాయి. పెద్దమనిషి, మా గుడికి మొదటిసారి వచ్చాడు, ఆపి ఎట్లా చెబుతాం?

పరంజ్యోతి మొహం మాడిపోయింది. వంకాయల గంప చూపించి, దీన్ని పాడన్నా అన్నాను.

"వంకాయలు పాడేదేందీ? ఏటా తొలికాయ పాడేవాణ్ని నేను."

"పాట లేకుంటే పోనీలే, చందా రాయించు" అన్నారు మా పాస్టరు పౌలు అయ్యగారు.

"నేను చందా ఇచ్చేవాణ్ని కాదు అయ్యగారూ, పాట పాడేవాణ్ని" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. పండుగ పూట, అందులో చర్చిలో ఉన్నానని నోరు మూసుకున్నాను.

అయ్యగారు, దెబోరా శేషయ్య ఇంటికి పరుగెత్తారు. అక్కడి సంగతి దెబోరా తర్వాత చెప్పింది. వాళ్లు పోయేసరికి కాయ రెండు చెక్కలై ఉంది. ఆడవాళ్లు గుమ్మడికాయకు మొదటి దెబ్బ కొట్టకూడదని ఆయన భార్య శివమ్మ కాయ చూడగానే గడపలోకి ఎదురొచ్చిందట. ఆయన చెప్పులు విడవకముందే చేతికి కత్తి ఇచ్చిందట.

పద్ధతి విని శేషయ్య నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో, సాయం చేయబోయి కొంప ముంచితి గదా పాపా! ఇంకా ఇద్దామంటే చేతిలో ఉన్న దుడ్లన్నీ ఆడనే పెట్టినా."

శివమ్మ మాత్రం కొంగు బిగించింది. "కాయ ఎట్లాగూ పాయె. పులుసు చేసుకొస్తా. మీ బల్ల మీద పెట్టుకోండి."

ఆమె అన్నంత పనీ చేసింది. కోళ్లు, కందులు అమ్ముడుపోయినా డబ్బు చాలక మేం దిగాలుగా కూర్చున్న వేళకు, శేషయ్య ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని పెద్ద గిన్నె మోసుకొచ్చారు. బెల్లం వేసిన పులుసు వాసన చర్చంతా నిండింది. గిన్నెడు పులుసును ఒకే పాటలో ఎట్లా అమ్మాలో నాకు తోచలేదు. గరిటె కనిపించింది. గరిటె గరిటెకూ పాట పెట్టాను.

చాప మీది నుంచి మొదటి గొంతు లేచింది. ఐదు రూపాయలు. పక్కన ఇంకొకటి, పది. కాయను పాడాలంటే నోరు పెగలనివాళ్లు గరిటెకు పోటీపడ్డారు. మళ్లీ పెట్టమన్నవాళ్లు కొందరు, విస్తరి పట్టుకొచ్చి పోయించుకున్నవాళ్లు కొందరు. నవ్వులు, అరుపులు. ముందు వరుస వైపు ఎవరూ చూడటం లేదు. పరంజ్యోతి కాలు మీది కాలు దించాడు.

గిన్నె అడుగున ఒక్క గరిటె మిగిలింది. డబ్బు చాలా వచ్చింది గానీ ఇంకా కొరతే. దెబోరా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"పది రూపాయలు."

కమలాక్షమ్మ గొంతు. నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. ఒకటోసారి, రెండోసారి అని మెల్లగా అన్నాను.

"తక్కువ పడిందంతా నాదే" అన్నాడు పరంజ్యోతి.

అందరూ మెడలు చాచి చూశారు. కానీ ఆయన్ని కాదు, కమలాక్షమ్మను. ఆమె తల దించుకుంది. కూతురు ప్రయాణం ఖాయమైంది, తన పాట పోయింది. మూడోసారి అనడానికి నాకు మనసొప్పలేదు. అయినా అన్నాను, తప్పదు కదా.

పరంజ్యోతి లేచి నిలబడ్డాడు. విస్తరి తీసుకోలేదు. "మళ్లీ పెట్టప్పా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది.

మళ్లీ అరిచాను. "పది" అంది కమలాక్షమ్మ. ఇంకెవరూ నోరు విప్పలేదు.

ఆమె పది నోటు బల్ల మీద పెట్టింది. మళ్లీ పెట్టమంటుందేమోనని గరిటె పట్టుకుని ఆగాను.

"ఏంది చూస్తాండావన్నా? పొయ్యి" అని అరచెయ్యి చాపింది.

పోశాను. అక్కడే నిలబడి తాగింది.

"ఇన్నేండ్లుగా కాయిస్తాండా" అంది చేయి నాకుతూ, "తొలికాయ ఎట్లుంటాదో ఈ పొద్దు తెల్సింది."