అమ్మవారి గోతిలోకి దిగిన తియానో

గ్రీకుల ఊరు ఎల్యూసిస్‌లో ఆ కరువు ఎలాంటిదంటే, ఎలకలు పిల్లాపాపల్ని వెంటేసుకుని ఏథెన్స్ దారి పట్టి వలసపోయాయి. తోవలో ఎదురుపడ్డ పిల్లి వాటి వాలకం చూసి, "వీటిమీద తినడానికేముంది నా మొహం" అని పక్కకి తప్పుకుని దారిచ్చింది. మేకలు తాడు నమిలి, తాడయ్యాక గుంజ నమిలి, ఆఖరికి ఒకదాని గడ్డం ఒకటి నమిలాయి. మబ్బనేది వచ్చేది, రాకేం, కొండమీద నించుని మా పొలాలకేసి చూసి, ఇక్కడ నా పరువు దక్కదనుకుని సముద్రంలోకెళ్ళి కురిసేది.

ఊళ్ళో ఇవన్నీ చెప్పుకుని నవ్వేవాళ్ళు. తియానోకి మాత్రం నవ్వు రావడం మానేసింది. కూతురు మిర్తిస్ ఏడవడం మానేసింది మరి.

మిర్తిస్ అంటే మాటలా! అది ఏడిస్తే సలామిస్ దీవిలో పడుకున్న జాలర్లు లేచి కూచునేవాళ్ళు. అలాంటిది ఇప్పుడు చాపమీద పడుకుని, ఇంటి మూలనున్న బాన వంక చూస్తూ ఉంటుంది, అంతే. ఆ బాన అడుగున విత్తనాల బార్లీ ఉంది. ఇంట్లో గింజంటూ ఉంటే అదే.

"దీని గోల పడలేక చెవుల్లో గుడ్డలు కుక్కుకునేవాణ్ణే," అన్నాడు మొగుడు లూకోన్. "ఇప్పుడొక్కసారి ఏడిస్తే చాలు, దాని కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ బార్లీ వండెయ్యనా?" అంది తియానో.

"వండితే ఎన్నాళ్ళొస్తుందే?"

"పోనీ విత్తు."

"దేన్ని నమ్మి విత్తమంటావ్? అమ్మవారి ఎరువు కలవని గింజ ఈ నేలలో మొలిచిందా ఎప్పుడైనా? పండక్కి వెళ్తున్నావుగా. ఎరువు తెచ్చావా, విత్తుదాం. అడవికూరలు పీక్కుని తింటూ పంటదాకా ఎలాగో ఈడుద్దాం. తేలేదా, అదంతా వండెయ్. ముగ్గురం కడుపునిండా తిని పడుకుందాం. లేస్తే లేస్తాం."

తియానో బాన మూత గట్టిగా నొక్కింది.

అమ్మవారంటే డిమీటర్ తల్లి. పంట ఆమె పెట్టిందే, కడుపున పిల్ల ఆమె ఇచ్చిందే. పాతాళం రాజు నేల చీల్చుకొచ్చి ఆమె కూతురు పెర్సెఫోనీని రథంలో వేసుకుపోయినప్పుడు, పక్కన మేస్తున్న పందులమంద కూడా ఆ చీలికలో పడిపోయింది. అందుకని ప్రతి ఎండాకాలం ఇంటికో పందిపిల్లని గుడ్డలో చుట్టి అమ్మవారి గోతిలో వేస్తారు. కిందుండే పాములు తిన్నంత తింటాయి. కుళ్ళి మిగిలిందాన్ని విత్తనాలప్పుడు ఆడాళ్ళు పైకి తెచ్చి, గింజల్లో కలుపుతారు. అదే ఎరువు. అంతా ఆడాళ్ళ వ్యవహారం. గొయ్యి ఊరవతల గట్టుమీదుంది, మగాడు ఆ గట్టెక్కకూడదు, అక్కడేం జరిగిందని పెళ్ళాన్ని అడక్కూడదు.

తియానో గుండెల్లో ఉన్న రాయి ఏంటంటే, ఈ ఎండాకాలం ఆవిడ గోతిలో వేసింది పందిపిల్లని కాదు. అప్పుడు మిర్తిస్‌కి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. లూకోన్ పొలానికి పోగానే తియానో ఆ పందిపిల్లని కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పిల్ల నోట్లో పోసింది. పిల్ల బతికింది. తర్వాత మట్టి పిసికి ఓ పందిపిల్లని చేసి, పొయ్యిలో కాల్చి, గుడ్డ చుట్టి, అందరితోపాటు తనూ ఏడుపుమొహం పెట్టి గోతిలో వేసేసింది. ఇంత ఊరికి ఒక్కటి తగ్గితే ఏమవుతుందిలే అనుకుంది.

ఏమైందో చూస్తూనే ఉంది. వాన ఆ తర్వాత కూడా రాలేదు. నావల్లే అనుకుంది.

పండగలో అది ఉపవాసం రోజు. ఆడాళ్ళంతా గట్టుమీద ఆకులు పరుచుకుని నేలమీద కూచున్నారు. కూతురు పోయినప్పుడు అమ్మవారు అలాగే తిండీ తిప్పలూ లేకుండా నేలమీద కూచుంది కదా, అందుకని. అయితే ఆ ఏడు ఉపవాసానికీ మామూలు రోజుకీ తేడా ఏం లేదు. పెద్దరికం చేసే నికరేతె ముసలమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"ఈసారి గోతిలోకి తియానో దిగుతుంది," అంది.

తియానోకి పై ప్రాణాలు పైనే పోయాయి. "నేనా? నేనొద్దు పెద్దమ్మా. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"అందరికీ తిరుగుతున్నాయిలే. నువ్వైతే బక్కగా ఉన్నావ్, తాడు తెగదు."

"బక్క సంగతికొస్తే మనందరం చీపురుపుల్లలమే," అంది పక్కింటి సిమికె. నోరు ఊరుకోదు దానిది. "నన్ను దింపరేం పెద్దమ్మా?"

"నీ నోరు వింటే పాములు చస్తాయే. అమ్మవారి పాములు, పాపం తగులుతుంది."

ఇంకా ఒద్దంటే ఎందుకొద్దంటావని అడుగుతారు. తియానో నడుముకి తాడు కట్టించుకుంది. ఒక చేత్తో దివిటీ, ఒక చేత్తో బుట్ట. పాములు పక్కకి పోవాలని పైనుంచి ఆడాళ్ళు చప్పట్లు మొదలెట్టారు. చేతుల్లో కండ లేదు కదా, ఎండుకట్టెలు కొట్టుకున్నట్టుంది చప్పుడు.

కిందకి దిగింది. పాములున్నాయి. ఎప్పుడూ దూలాల్లా ఉండేవట. ఇప్పుడు సూదిలోకి ఎక్కించొచ్చు, అంత సన్నం. ఒకటి తలెత్తి తియానోని చూసి, కాటెయ్యడానికి ఓపిక లేక మళ్ళీ పడుకుంది.

"కాటేస్తే వెయ్యి," అంది తియానో. "నా మీదేగా కోపం. నన్ను తీసుకో, పిల్లనొదిలెయ్."

పాము పట్టించుకోలేదు. తియానో దివిటీ గోడకి ఆనించి తడిమింది. గుడ్డమూట దొరికింది. విప్పింది. మట్టి పందిపిల్ల. నా పాపం నా చేతికే తగిలిందనుకుంది. కానీ ఇదేంటి, దీనికి చెవులు చేటలంతున్నాయి. తను చేసినదానికి అసలు చెవులే సరిగ్గా కుదరలేదు. ఇంకో మూట విప్పింది. మట్టి. దానికి తోక ముందువైపుంది. ఇంకోటి. మట్టి. ఒకదానికి కాళ్ళు లేవు, ఒకదానికి కాళ్ళెక్కువ. గోరుతో బొచ్చు గీసి, కనుబొమ్మలు దిద్ది, ముద్దొచ్చేలా చేసింది ఒకటుంది. అంత పనితనం ఊళ్ళో కుండలు చేసే ఇంటి మనిషికే ఉంది, నికరేతె ముసలమ్మకి.

పిచ్చిదానిలా గొయ్యంతా గోకింది. ఎముక లేదు, మాంసం లేదు, కుళ్ళు వాసనైనా లేదు. ప్రతి ఇల్లూ, ఒక్కటి తగ్గితే ఏమవుతుందిలే అనుకుంది.

ఓ క్షణం ప్రాణం తేలికపడింది, నేనొక్కదాన్నే కాదని. మరుక్షణం అసలు సంగతి తట్టింది. ఎరువు లేదు. తనకే కాదు, ఊరందరికీ లేదు. ఇంటికెళ్ళి బాన దించి వండడమే. మిర్తిస్ కడుపునిండా తింటుంది, తర్వాత మళ్ళీ తినదు.

తియానో మట్టిలో కూలబడింది. దుఃఖం రాలేదు, కోపమొచ్చింది.

"అమ్మా, నీ పిల్ల పోతే నువ్వేం చేశావ్? భూమినంతా మాడ్చిపారేశావ్. గింజ మొలవనియ్యలేదు. దేవుళ్ళంతా వచ్చి కాళ్ళమీద పడ్డా విన్నావా? నా పిల్లని తెచ్చిందాకా ఊరుకోనన్నావ్. మంచిదే, నీ బలం నీది. నాకేముంది మాడ్చడానికి? నాకున్నది ఒక్క పందిపిల్ల. అది నీకు పెట్టాలా, నా పిల్లకి పెట్టాలా? నా చోట నువ్వుంటే ఏం చేసేదానివో చెప్పు. చెప్పవే తల్లీ!"

పైన చప్పట్లు ఒకటొకటే ఆగిపోతున్నాయి, ఓపికల్లేక.

"ఒసే, ఉన్నావా, పోయావా?" సిమికె గొంతు.

బుట్టలో మట్టి నింపి, ఇదే ఎరువు అని చెప్పేద్దామా అనుకుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ పైన ఒక్కొక్కరి మొహం తల్చుకుంది. ఎవరికి వాళ్ళు నావల్లే కరువొచ్చిందని లోపల్లోపల చస్తూ కూచున్నారు, తనలాగే. బుట్టనిండా మట్టి పందిపిల్లల్ని వేసుకుని తాడు లాగింది.

పైకొచ్చి బుట్ట బోర్లించింది. పందిపిల్లలు దొర్లుకుంటూ పోయి ఆడాళ్ళ ఒళ్ళో పడ్డాయి.

"మొత్తం ఇవే," అంది తియానో. "నాదీ ఉంది."

ఎవరి పందిని వాళ్ళు చూసుకుని తల దించేసుకున్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది. "మా ఇంట్లో కవలలు... ఇద్దరూ..." అని ఆగిపోయింది. నికరేతె ముసలమ్మ తన కనుబొమ్మల పందిని చేతిలోకి తీసుకుని నించుంది.

"అయిపోయింది," అందామె. "ఊరికి కొరివి పెట్టాం."

అప్పుడు సిమికె, తియానో చేసిన పందిని తోక పట్టుకుని పైకెత్తింది.

"ఏమే తియానో, ఇది పందా, మీ ఆయనా?"

తియానో తెల్లమొహం వేసింది. ఇప్పుడా హాస్యాలు? కానీ సిమికె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం ఆడుతోంది.

"మూతి చూడు, అచ్చం లూకోనే. కింద మాత్రం ఏం పెట్టలేదేంటే? మట్టి చాల్లేదా, ఉన్నదే అంతా?"

తియానోకి ఒళ్ళు మండింది. "నీదే నయం! తోక ముందుకి పెట్టావ్. మీ ఆయన్ని చూసి చేశావనుకుంటా, పాపం నిజంగానే అంత చిన్నదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "మరి ఈ కాళ్ళెక్కువున్నదెవరిది? పక్కింటోడి కాళ్ళు కూడా కలిపి లెక్కేసుకుందా ఏంటి మంచంమీద?" అన్నారు. ఇక చూస్కోండి. అత్తలు కోడళ్ళని, కోడళ్ళు అత్తల్ని, ఆడబిడ్డలు అందర్నీ దులిపేశారు. ఆ బూతులు విని గట్టుమీది రాళ్ళు ఎర్రబడ్డాయి, ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. డొక్కలు పట్టుకుని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే ఇంకో మాటన్నారు.

నికరేతె ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వి నవ్వి, దగ్గొచ్చి, కూచుంది. "ఒసే అమ్మాయిలూ," అంది రొప్పుతూ. "అమ్మవారు పిల్ల కోసం కుమిలి కూచున్నప్పుడు ఆమెని లేపిందెవరే? మాంసమా? ఆమె తలదాచుకున్న ఇంట్లో పనిమనిషి ముసల్ది బూతుమాటాడితే పక్కున నవ్వి, అప్పుడేగా ఆమె బార్లీనీళ్ళు పుచ్చుకుంది! మన దగ్గర ఎరువు లేదు. ఈ బూతుంది, ఈ నవ్వుంది."

"ఇది చాలుతుందా పెద్దమ్మా?" అంది తియానో.

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. "తెలీదే," అంది.

తియానో ఇంటికొచ్చేసరికి లూకోన్ గుమ్మంలో నించునున్నాడు. అడక్కూడదు కాబట్టి అడగలేదు. ఆవిడ మొహంలోకి చూశాడు, బానకేసి చూశాడు. మొగుడు, పిల్ల, బాన, అంతా ఆవిడ నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద వేలాడుతోంది. ఎరువు లేదంటే చాలు, పొయ్యి వెలుగుతుంది. మిర్తిస్ తల తిప్పి చూసింది. ఆ కళ్ళు తిండి వైపే ఓటేశాయి.

తియానో బాన మూత తీసింది. దోసెడు గింజలు తీసి కుండలో వేసింది. మిగతాది బానతో సహా లూకోన్ చేతుల్లో పెట్టింది.

"విత్తు," అంది.

"మరి ఆ దోసెడు?"

"అమ్మవారి వాటా."

ఆ వాటా జావ కాచి, ఊదుకుంటూ మిర్తిస్ నోట్లో పోసింది. పిల్ల గుటకేసింది. ఇంకా అన్నట్టు నోరు తెరిచింది. లేదనగానే మొహం వికారంగా పెట్టి, ఈగ మూలిగినంత చప్పుడు చేసింది. సలామిస్ దాకా కాదు కదా, గుమ్మందాకా కూడా వినపడలేదు.

పొలంలో ముందు లూకోన్ నాగలి లాగుతున్నాడు. ఎద్దు ఎప్పుడో పోయింది, కాడి తనే మెడకేసుకున్నాడు. నేల పెంకులా పగులుతోంది. వెనకాల తియానో, వీపున పిల్లని కట్టుకుని, చాల్లో గింజ వేసి, మీద మట్టి లాగుతూ నడుస్తోంది. కాకులు గట్టుమీద వరసగా కూచుని చూస్తున్నాయి.

తియానో తలెత్తింది. మబ్బు లేదు. గొంతెత్తి, అమ్మవారికి వినపడేలా, లూకోన్ గురించి ఒక బూతుమాటంది. అలాంటి మాట పెళ్ళైన రోజు నుంచి ఇంతవరకూ అనలేదు.

లూకోన్ కాడి కింద తూలి ఆగిపోయాడు. "నీకేమన్నా పిచ్చా? ఊరంతా వింటారే!"

"విననియ్. నువ్వు లాగు."

అతను లాగాడు. ఆకాశం అలాగే ఉంది. తియానో పెదాలు తడుపుకుని, అంతకన్నా పచ్చిది ఇంకోటి ఎత్తుకుంది.