చెయ్యి అందినంత మేర

అయిదో జత చెప్పులు అరలో పెట్టించేసరికే పిన్నికి నడుం పట్టేసింది. ఆరో జత పిచ్చుకది. ఆ పిల్ల రోజూ కుడిది ఎడమకీ ఎడమది కుడికీ తొడుక్కుని వస్తుంది, విప్పడానికి ఒక పూట తీసుకుంటుంది. నాలుగేళ్ళది, ఒక్కచోట నిలవని కాళ్ళు. ఆ పేరు పెట్టింది లోపలి గదిలో ఉండే అత్తగారు.

పొద్దున్న ఏడున్నర నుంచి సాయంత్రం ఆరింటి వరకు ఆరుగురు పిల్లలను ఆ ముందు గదిలోనే చూసుకుంటుంది పిన్ని. పిల్లలూ పిన్నే అంటారు, దింపి వెళ్ళే తల్లులూ పిన్నే అంటారు. లారీ మీద తిరిగే మొగుడు వారానికోసారి ఇంటికొచ్చి పిలిస్తేనే, తనకూ ఒక పేరుందన్న సంగతి గుర్తొస్తుంది.

గోడమీద ఒక అట్ట ఉంది. పిల్లలకు చదువు రాదు కాబట్టి ఇంటి నియమాలన్నీ దానిమీద బొమ్మలే. చెప్పుల బొమ్మ, కుళాయి బొమ్మ, పడుకున్నవాళ్ళను లేపకూడదని పెదాలమీద వేలు పెట్టుకున్న మొహం బొమ్మ. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో గండం ఉంది. గేటు బొమ్మ, ఒక బుడతడు రోడ్డు సగం దాకా వెళ్ళిపోయిన రోజున వెలిసింది. అన్నీ పాటించినవాళ్ళకు ఇంటికెళ్ళేటప్పుడు చేతిమీద ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క. ఆ చుక్క కోసం ప్రాణం పెడతారు.

అసలు పెత్తనం మాత్రం అత్తగారిదే. రెండేళ్ళుగా మంచం దిగకపోయినా చీమ చిటుక్కుమంటే ఆమెకు వినబడుతుంది. గోల మితిమీరితే చేతికర్రతో మంచం కోడును ఒక్కసారి కొడుతుంది. పిన్ని గొంతు చించుకున్నా వినని పిల్లలు ఆ దెబ్బకి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. కాసేపటికి ఆ గదిలోకే పరుగెత్తి మంచం చుట్టూ మూగుతారు. వాళ్ళకు ఆమె కర్రమామ్మ. వాళ్ళు మూగినంతసేపూ ఆమె దగ్గు కూడా తగ్గినట్టే ఉంటుంది.

ఆ రోజు కవలల తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. బ్యాంకులో ఉద్యోగం, ఎప్పుడూ ఉరుకులు పరుగులే. ఇవాళ కదల్లేదు.

"ఏమీ అనుకోకండి పిన్నీ. మామ్మగారి దగ్గు నిన్న గేటు దాకా వినబడింది."

"అంటుకునే దగ్గు కాదమ్మా. డాక్టరుగారు కాగితం కూడా రాసిచ్చారు."

"నేను నమ్ముతానండీ. మా ఆయనే... పిల్లలు ఆ గదిలోకి వెళ్తుంటే మానిపించెయ్యమంటున్నారు. మిగతావాళ్ళూ అదే మాట అనుకుంటున్నారు."

కవలలు మానేస్తే వాళ్ళ వెనకే మరో ఇద్దరు మానేస్తారు. ఆ తర్వాత ఈ గది ఖాళీ, పొయ్యీ ఖాళీ. పిన్ని తలూపింది. "ఇవాళ్టి నుంచి వెళ్ళర్లెండి" అంది.

లోపలికెళ్ళి మంచం పక్కన నిలబడింది.

"విన్నాలే" అంది అత్తగారు. "మొహం అలా పెట్టకు. వెళ్ళి బొమ్మ వెయ్యి."

"మీకు పొద్దెలా పోతుందత్తయ్యా?"

"పొద్దుకేం, నేను తోసినా తొయ్యకపోయినా పోతుంది. పిల్లలు చెయ్యి జారిపోకుండా చూసుకో."

పిన్ని అట్టమీద తలుపు బొమ్మ వేసి అడ్డంగా గీత గీసింది. పిల్లలను కింద కూర్చోబెట్టి, మామ్మ గది గడప ఇక ఎవరూ దాటకూడదని చెప్పింది.

"ఎందుకు?" అంది పిచ్చుక. కారణం చెప్పకుండా పిన్ని ఏ నియమమూ పెట్టదని ఆ పిల్లకు తెలుసు.

"మామ్మకి నిద్ర కావాలి."

"మేం జోకొడతాం."

మిగతావాళ్ళూ గునుస్తున్నారు. అప్పుడు లోపలి నుంచి కర్ర ఒక్కసారి ఠక్కుమంది. అందరూ బిగుసుకుపోయారు.

"మామ్మే చెప్పింది" అన్నాడు కవలల్లో ఒకడు. అంతటితో నియమం ఖాయమైపోయింది. పిన్ని కుళాయి దగ్గరికి నడిచింది.

ఇద్దరు ఒకే బంతి కోసం జుట్లు పట్టుకున్నారు. ఒకడు లాగూ తడుపుకున్నాడు. మధ్యాహ్నం ఆరుగురి మూతులు తుడిచి, చాపలు పరిచి, వరసగా పడుకోబెట్టేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. అత్తగారి చేత నాలుగు ముద్దలు తినిపించి వచ్చి, గోడకు చేరగిలబడింది. కళ్ళు మూయకూడదనే అనుకుంది. మూతబడ్డాయి.

మెలకువ వచ్చేసరికి అరగంట గడిచింది. పిచ్చుక ఒక్కతే చాపమీద లేచి కూర్చుని ఉంది, పెదాలమీద వేలు పెట్టుకుని. పిన్ని సైగచేసి పడుకోబెట్టి, మందు సీసా తీసుకుని లోపలికి వెళ్ళింది. గడప దాటగానే కాలికి ఏదో చిన్న గ్లాసు తగలబోతే తప్పించుకుని నడిచింది. ఎవరు వదిలేశారో అని విసుక్కుంది.

అత్తగారు తలుపు వైపు తిరిగి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, కర్ర నేలమీద పడి ఉంది. పిన్ని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో తనను పల్లెత్తు మాట అనని మనిషి. ఏడుపు రావాలి, రాలేదు. ముందు అలసటే వచ్చింది.

ముందు గదిలో పిల్లలు లేస్తున్న అలికిడి. ఇప్పుడు గొల్లుమంటే ఆరుగురూ జడుసుకుంటారు. కళ్ళు మూసి, చెయ్యి సర్ది, దుప్పటి మెడ దాకా కప్పింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఒక్కొక్కరి మొహం కడిగింది. పెరట్లోకి వెళ్ళి మొగుడికి ఫోన్ చేసింది. "అత్తయ్య పోయారు. పిల్లలు వెళ్ళేదాకా నేను ఎవరికీ చెప్పను. నువ్వు నెమ్మదిగా నడుపుకుంటూ రా" అని పెట్టేసింది.

సాయంత్రం కవలల తల్లి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "లోపలికి వెళ్ళలేదు కదండీ?"

"ఒక్కరూ వెళ్ళలేదమ్మా."

ఆఖరికి పిచ్చుక మిగిలింది. గేటు బయట తండ్రి స్కూటర్ ఆపుతున్నాడు. పిల్ల చెయ్యి చాపింది.

"అన్నీ పాటించావా?"

"ఊఁ. మామ్మ నీళ్ళడిగింది. నువ్వేమో పడుకున్నావు. పడుకున్నవాళ్ళని లేపకూడదుగా. గడప కూడా దాటకూడదుగా. అందుకని బోర్లా పడుకుని, నా గ్లాసు చెయ్యి అందినంత మేర లోపలికి తోశాను." చాపిన చెయ్యి అలాగే ఉంచి అడిగింది. "తాగిందా?"

పిన్ని ఆ పొద్దున పిల్లలతో ఒక అబద్ధం ఆడింది. ఇది రెండోది.

"తాగిందమ్మా."

చుక్క పెడుతుంటే పెన్ను అక్కడే ఆగిపోయి, చుక్క గోళీకాయంత అయింది. పిచ్చుక అది చూసుకుని మురిసిపోయి, చెప్పులు తిరగేసి తొడుక్కుని, వాళ్ళ నాన్న దగ్గరికి పరుగెత్తింది.

గేటు గొళ్ళెం పెట్టి వచ్చి పిన్ని తలుపు తోసింది. గడపకు లోపల, పిల్ల చెయ్యి అందినంత మేరలో, పచ్చ రంగు ప్లాస్టిక్ గ్లాసు అంచు దాకా నీళ్ళతో అలాగే ఉంది.