సరిపోలేదన్న మాట

లింగమూర్తికి రెండు కిడ్నీలూ చెడిపోయి గోదావరిఖనిలో డయాలసిస్ మొదలైనప్పుడు, తమ్ముడు రఘుపతి చుట్టాలందరి ముందు, "అన్నకు నా కిడ్నీ ఇస్త. నేనుండగ ఫికర్ ఎందుకు?" అన్నాడు. లింగమూర్తి భార్య జమున మరిది చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

రఘుపతికి మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలని ఆశ. కొద్దిరోజులకే కాలనీ హాల్లో అతనికి సన్మానం పెట్టారు. ఉబ్బిన మొహంతో లింగమూర్తినీ తీసుకెళ్లి స్టేజీ మీద కూర్చోబెట్టారు. డయాలసిస్ సూదులు గుచ్చిన చేతినే పట్టుకుని రఘుపతి ఫోటో కోసం పైకెత్తాడు. నొప్పికి లింగమూర్తి పళ్లు బిగించాడు. శాలువా కప్పినప్పుడు జమున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆమె రక్తం గ్రూపు భర్తకు కలవలేదు. అత్త పూలమ్మ "నాది చూడుండ్రి" అంటే రఘుపతి తల్లిని కసిరాడు. "అరవై దాటినయ్, ఊకో అవ్వా."

హైదరాబాద్ దవాఖానలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు రఘుపతితో ఒంటరిగా మాట్లాడాడు. తర్వాత జమునను పిలిచి, అతని కిడ్నీ సరిపోలేదన్నాడు. వరండాలో రఘుపతి తల బాదుకుని ఏడుస్తుంటే జమునే ఓదార్చింది.

కాసేపటికి చాయ్ కోసం క్యాంటీన్‌కి వెళ్తే, స్తంభం అవతల అతని గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతున్నాడు.

"నేనియ్యనని లోపట డాక్టరుకు చెప్పిన రా. సరిపోలేదని డాక్టరే చెప్పిండు, మన పేరు బయటికి రాదు. శాలువా అయితే పడ్డది గద!"

జమున ఎదురుగా వెళ్లి నిలబడింది.

"భయమైతే భయమని చెప్పు. నిన్నెవరన్న బలవంతం చేసిన్రా?"

"గట్ల కాదు వదినా... ఎలక్షన్ల తిరగాలె గద. అన్నకు చెప్పకు."

"మరి అవ్వనెందుకు ఆపినవ్?"

రఘుపతి చూపు తిప్పుకున్నాడు. "ముసలామె ఇచ్చి నేనియ్యకపోతే, నలుగురిల నా ముఖం ఏంగావాలె?"

జమున పరుగున బయటికి వెళ్లి మొక్కల పక్కన వాంతి చేసుకుంది. ఓదార్చినప్పుడు అతని వీపు నిమిరిన చేతిని కొళాయి కింద పెట్టి, తోలు ఎర్రబడేదాకా రుద్దుకుంది.

మర్నాడే పూలమ్మను రప్పించింది. పరీక్షల్లో అన్నీ కలిశాయి. కొడుక్కి కిడ్నీ ఇచ్చిన పూలమ్మ, కళ్లు తెరవగానే "వాడు మూత్రం పోసిండా?" అని అడిగింది.

ఇల్లు చేరి కోలుకుంటున్న రోజుల్లో రఘుపతి యాపిళ్లతో వచ్చాడు. అప్పటికి జమున భర్తకు అంతా చెప్పేసింది. రఘుపతి వెళ్లి తల్లి మంచం మీద కూర్చుని, ఆమె భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకున్నాడు. "కుట్లు కనబడేటట్టు చీర కొంచెం జరుపవ్వా, జనాలు చూడాలె," అన్నాడు. పూలమ్మ చీర గట్టిగా బిగించుకుని గోడవైపు తిరిగింది.

"చాల్ తియ్, లే," అంది జమున.

లింగమూర్తి అడ్డుపడ్డాడు. "పోనీ జమునా. తోడబుట్టినోడు. చాయ్ పెట్టు."

ఆమె భర్త మొహంలోకి చూసింది. ఇప్పుడా మొహంలో వాపు లేదు, రంగు వచ్చింది. దాన్ని చూసి ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఆ క్షణాన మాత్రం రోత పుట్టింది.

చాయ్ పెట్టింది. రఘుపతి తాగి వెళ్లాక, ఆ గ్లాసు కడగబుద్ధి కాక, తీసుకెళ్లి చెత్తకుండీలో పడేసింది.