అరవై రెండో నంబరు మగబల్లి

ఆ ఏడు నల్లరాయి మీద బల్లులు విపరీతంగా పెరిగాయి. పడవ తాడు కట్టేలోపే కాళ్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. ఇంకెవరైనా అయితే సంతోషిస్తారు. ఎర్సీలియాకు మాత్రం ఒళ్లు జలదరించింది. పన్నెండేళ్లుగా తను చూస్తున్న బల్లులు మనిషి నీడ పడితే చాలు, పగుళ్లలోకి దూరే పిరికివి.

సిసిలీకి ఉత్తరాన సముద్రంలోంచి పొడుచుకొచ్చిన ఈ రాతి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవవి. ఆ సంగతి కంటికి తెలిసేది కాదు. తోక కొసలు కత్తిరించి, వాటిలోని జన్యువులు చదివించి, పక్కనున్న పెద్దదీవి బల్లుల జాతి వేరు, వీటి జాతి వేరు అని గీత గీసింది ఎర్సీలియాయే. ఆ గీతను చూసే ప్రభుత్వం రాతికి రక్షణ ఇచ్చింది.

"ఏం డాక్టరమ్మా, పిల్లలు పెరిగితే ఏడ్చే తల్లిని మిమ్మల్నే చూశాను," అన్నాడు పడవ నడిపే బస్త్యానో.

"ఇవి నా పిల్లల్లా లేవు బస్త్యానో."

"అయితే తండ్రెవరో ఆరా తీయాల్సిందే!"

అతను పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నలభై బల్లిపిల్లల తోక కొసలు తీసి పాలెర్మోలోని ప్రయోగశాలకు పంపింది. మూడు వారాలకు జవాబొచ్చింది. నలభైలో నలభైకీ పెద్దదీవి రక్తం కలిసింది.

ఆమె కోపమంతా బస్త్యానో మీద విరుచుకుపడింది.

"పెద్దదీవి బల్లి నీ చేపల పెట్టెల్లోనే దూరి వచ్చింది! దులపమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"మా అమ్మ మీద ఒట్టు, ఒక్క పెట్టె కూడా ఆ రాయి మీద దించలేదు. నోటికొచ్చినట్టు మాట్లాడకండి."

ఆమె నమ్మలేదు. ఫిర్యాదు రాసింది. అతని పడవ రాతి దగ్గరికి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ వేసవంతా ఇంకో పడవలో తిరిగి, కంటబడిన ప్రతి బల్లినీ దారపు ఉచ్చుతో పట్టి, తోక కొస తీసింది. ఈసారి కొత్తవాటిని ప్రయోగశాల ఫ్రీజర్లోని పాత కొసలన్నిటితోనూ పోల్చమంది. దొంగ ఏ రేవు నుంచి వచ్చిందో తేలితే బస్త్యానో నోరు మూతపడుతుందని ఆమె ఆశ.

దొంగ తేలింది. పరాయి రక్తమంతా ఒకే ఒక్క మగబల్లిది. పాత నమూనాల్లో దాని నంబరు అరవై రెండు.

ఎర్సీలియా ఆరేళ్ల కిందటి నోటుపుస్తకం తీసింది. తన చేతిరాతే. "62. మగ. పెద్దదీవి, చర్చి గోడ. వదిలేశాను." ఎక్కడ వదిలిందో రాయలేదు. ఆ గడి ఆమె ఎప్పుడూ ఖాళీగానే ఉంచేది. పట్టినచోటే వదలడం ఈ వృత్తిలో మొదటి పాఠం, అది కూడా రాసుకోవాలా అనుకునేది.

ఆ రోజు రెండు చోట్లా పట్టిన బల్లులు గుడ్డసంచుల్లో ఒకే బుట్టలో ఉన్నాయి. గాలి తిరిగింది. దిగినవాళ్లు త్వరగా ఎక్కాలని బస్త్యానో అరుస్తున్నాడు. ఆమె రాతి మీద మోకాళ్లూని, చేతికందిన ప్రతి సంచి ముడీ విప్పేసింది. వాటిలో ఒకటి రాతి బల్లికి ఉండాల్సినదానికన్నా బరువుగా ఉందని అప్పుడే చేతికి తెలిసింది. తెలిసీ విప్పింది. ఇప్పుడు ఆ చేతిని చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది.

మర్నాడు బస్త్యానో ఇంటికి వెళ్లింది. అతను వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. కూర్చోమనలేదు. ఆమె నిలబడే అంతా చెప్పింది, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నానని కూడా.

అతను వలకు ఇంకో రెండు ముడులు వేశాడు.

"కలిసినవాటిని ఏరేస్తే?" అన్నాడు చివరికి.

"ఏరేస్తే తొమ్మిది మిగులుతాయి. అన్నీ ముసలివి."

"తొమ్మిది తక్కువేం కాదు డాక్టరమ్మా. మావాళ్లు ఈ దీవికి ఏడుగురే వచ్చారట. ఇప్పుడు చూడండి, చేపలకన్నా మేమే ఎక్కువ."

"తొమ్మిదీ ఆడవే బస్త్యానో," అంది ఎర్సీలియా.