చల్లారేదాకా

వేడిప్రెస్సు నడిపే బాబాయ్ ఆ పరిశోధనశాలలో అందరికీ బాబాయే. ఆయనకంటే రెండేళ్లు పెద్దవారైన పెద్దసారు కూడా అలాగే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఒకటే: శాస్త్రవేత్తలు ఇచ్చిన లోహపు పొడిని అచ్చులో పోసి, ఎర్రగా కాలుస్తూ టన్నుల బరువుతో అదిమి, అంగుళం ఎత్తు కడ్డీగా చేసి ఇవ్వడం. అదిమాక పన్నెండు గంటలదాకా అచ్చు విప్పకూడదు. తొందరపడితే కడ్డీ లోలోపల పగుళ్లిస్తుంది. పైకి మాత్రం నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ వేలు చూపించి మరీ ఈ సంగతి చెప్పేది ఆయనే.

ఆ ఉదయం కొలతల గదిలోంచి చిన్నమేడమ్ గొంతు గట్టిగా వినిపించింది.

"బాబాయ్, ఒకసారి ఇలా రా!"

ఎందుకు పిలుస్తోందో ఆయనకి తెలుసు.

రెండేళ్ల కిందట చిన్నమేడమ్ ఒక కొత్త పొడి తయారుచేసింది. ఒక కొస వేడిగా, రెండో కొస చల్లగా ఉంటే చాలు, కరెంటు పుట్టించే రకం. ఇలాంటివాటితో వచ్చే చిక్కల్లా ఒకటే. వేడి ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తేస్తుంది, రెండూ ఒకేలా కాగిపోతాయి, ఇంక కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె కడ్డీలో మాత్రం వేడి దాదాపు కదలనే లేదు. నలుగురి ముందూ నిలబడి ఆ మాట ప్రకటించింది. మూడు నెలలకి వేరే ఊరి పరిశోధనశాలవాళ్లు ఆ కడ్డీని కోసి చూస్తే లోపలంతా పగుళ్లే. వేడిని ఆపింది పదార్థం కాదు, పగుళ్లు. ఆమె మళ్లీ అదే నలుగురి ముందు నిలబడి "పొరపాటు నాదే" అని చెప్పి వచ్చింది. మిగిలిన పొడి సీసాని అలమర అడుక్కి తోసేసింది.

పొరపాటు ఆమెది కాదు. ఆ రోజు టీవీలో మ్యాచి ఉందని బాబాయ్ అదిమిన నాలుగు గంటలకే అచ్చు విప్పేశాడు. ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు. "టీ తాగావా బాబాయ్?" అని ఆమె అడిగిన ప్రతిసారీ తల దించుకుని ప్రెస్సు తుడవడం మొదలుపెట్టేవాడు. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ బరువుతో ఇంటికి వెళ్లలేక, వారం కిందట సీసాలో ఉన్న పొడంతా ఊడ్చి అచ్చులో పోసి మళ్లీ అదిమాడు. ఈసారి పన్నెండు గంటలు కాదు, పూర్తిగా ఒక రోజు ఆగాడు. కడ్డీమీద పేరు రాయకుండా, కొలతలకి వెళ్లే పెట్టెలో పెట్టేశాడు.

"వేడిని పారనిచ్చే లెక్క సున్నా పాయింటు మూడు," అంది చిన్నమేడమ్, తెరమీది అంకె చూపిస్తూ. "గాజు కంటే తక్కువ, ఇటుక కంటే తక్కువ. ఎవరిది బాబాయ్ ఇది?"

"నీదే అమ్మాయ్. ఆ సీసాలోదే."

ఆమె మొహం మాడిపోయింది. "ఇలాంటి అంకే నన్నొకసారి నట్టేట ముంచింది. మళ్లీ పగుళ్లే అయ్యుంటాయి."

"పొడి ఇంక లేదమ్మా. ఇదే ఆఖరిది."

"పీడా పోయింది," అని కడ్డీని పట్టకారుతో తీసి చెత్తపళ్లెంలో పడేసింది.

ఆ చప్పుడుకి బాబాయ్ ప్రాణం విలవిల్లాడింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, నెలాఖరు సభలో అందరూ ఆకాశానికెత్తేస్తారు. కడ్డీ మాత్రం చెత్తలో పోతుంది.

"పగుళ్లుండవు," అన్నాడు. "అప్పుడు పగుళ్లు రావడానికి కారణం నేనే."

అంతా చెప్పేశాడు. మ్యాచి సంగతీ, నాలుగు గంటల సంగతీ. "పైగా ఆ మ్యాచి ఓడిపోయాం కూడా," అని ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

చిన్నమేడమ్ నవ్వలేదు. కోప్పడనూ లేదు. అదే ఆయనకి భరించరానిదైంది. ఆమె కడ్డీని పళ్లెంలోంచి తీసి కోత యంత్రంలో నిలువునా బిగించింది. వెంట్రుకంత తీగ, దానిమీద సన్నటి నీళ్ల ధార. గంటన్నర పట్టింది.

కడ్డీ రెండు బద్దలై విడివడింది. ఆమె ఒక బద్దని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. చివరికి పక్కకి జరిగి "చూడు," అంది.

బాబాయ్ కన్ను ఆనించాడు. ఎంత వెతికినా ఒక్క గీత లేదు.

ఆమె ఆ బద్దని వేడిపళ్లెంమీద నిలబెట్టి, పైకొసకీ కిందికొసకీ తీగలు తగిలించి మీటరుకి కలిపింది. పళ్లెం రెండువందల యాభై డిగ్రీలకి చేరింది. అంచున నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయింది. "పైన వేలు పెట్టు," అంది.

భయపడుతూనే పెట్టాడు. వేడి దగ్గర పనిచేసి పనిచేసి మొద్దుబారిన వేలది. దాన్ని నమ్మలేక రెండో చేతి వేలూ పెట్టి చూశాడు. పిల్లి వీపంత వెచ్చగా ఉంది, అంతే. మధ్యలో అంగుళం దూరం! మీటరు ముల్లు నెమ్మదిగా లేచి నలభై మిల్లీవోల్టుల దగ్గర నిలబడింది. వేలకొద్దీ కడ్డీలు అదిమిన మనిషి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ఆ వేడంతా ఏమవుతోందమ్మా?"

"కిందే ఆగిపోతోంది. వేడంటే ఒక అణువు పక్క అణువు భుజం తట్టి చెప్పే కబురనుకో. దీన్లో కొన్ని బరువైన అణువులు వదులు గూళ్లలో కూర్చుని ఊగుతుంటాయి. వచ్చిన కబురు వింటాయి, పక్కవాళ్లకి మాత్రం సరిగ్గా చెప్పవు."

"అచ్చం నాలాగే," అని గొణిగాడు బాబాయ్.

చిన్నమేడమ్‌కి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నీళ్లతో నిండాయి. "రెండేళ్లు బాబాయ్. నా చేతుల్నే నేను నమ్మడం మానేశాను."

"నలుగురి ముందూ నేనే చెబుతాను."

"చెప్పాలి మరి," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇవాళ కొత్త పొడి కలుపుతా. రేపు నువ్వే అదుము. అది చల్లారేదాకా నేను నీ పక్కనే కూర్చుంటా."

మర్నాడు అందరికంటే ముందే వచ్చి బాబాయ్ ప్రెస్సు పక్కన రెండు కుర్చీలు వేశాడు.